ఇంటి బడికి తప్పనిసరి సెలవు

మా కింది అంతస్తు పిల్ల నాంపల్లి స్టేషన్ అనౌన్స్‌మెంట్లు మూడు భాషల్లో చెప్పేది. మెట్ల మీద కూర్చుని, ముక్కు కొంచెం నొక్కిపట్టుకుని, ముందు తెలుగు, తర్వాత హిందీ, ఆ తర్వాత ఇంగ్లీషు. మైకులో అమ్మాయి ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగి, ఎక్కడ సాగదీస్తుందో అక్కడే సాగదీసి చెప్తుంటే, కూరగాయల సంచులతో పైకెక్కుతున్న మేమంతా నిలబడిపోయేవాళ్లం. మా సందు స్టేషన్ వెనకే. పగలంతా ఆ గొంతు కిటికీల్లోంచి ఇళ్లలోకి వస్తూనే ఉంటుంది. అలవాటైపోయి మేమెవరం వినం. ఆ పిల్ల మాత్రం వినేది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు, బడికి వెళ్లదు, వాళ్లమ్మే ఇంట్లో చదువు చెప్పేది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో నల్లజుట్టుతో చేరి, తెల్లజుట్టుతో దండ వేయించుకుని బయటికొచ్చినదాన్ని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు మా నాన్నగారు ఉద్యోగంతో పాటు బందరు నుంచి ఇక్కడికొచ్చారు. నేను పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది, ఒంటరిదాన్నయింది, అన్నీ ఈ నాలుగు వీధుల్లోనే. అయినా నోరు విప్పితే "మీది ఆంధ్రానా" అని ఇప్పటికీ అడుగుతారు. నోటి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను, నాది మంచి నోరు కాదు. ఉన్నమాట ఉన్నట్టు అనేస్తాను, అన్న తర్వాత ఎదుటివాళ్ల ముఖం చూసి నాలిక కరుచుకుంటాను. మా బిల్డింగ్ మీటింగులకు నన్ను పిలవడం మర్చిపోతుంటారు. అది నిజంగా మరుపేనని నేనూ నమ్మినట్టు నటిస్తాను.

ఆ పిల్ల తల్లిది మెదక్ వైపు. తాతల కాలం నుంచీ మిషన్ బడుల్లో చదువుకున్న క్రైస్తవ కుటుంబం. ఆబిడ్స్‌లో ఒక సందులో ఉన్న చిన్న ప్రైవేటు బడిలో ఆమె పెద్ద తరగతులకు లెక్కలు చెప్పేది. భర్తకు రైల్వేలో షిఫ్టు పని. పిల్లను కూడా ఆ బడిలోనే వేసుకుంది. కరోనా తగ్గి బడులు తెరిచాక, ఒకటో తరగతిలో పిల్ల చదవడంలో వెనకబడిందని టీచర్లు తేల్చారు. రిపోర్టులో రాశారు. రాసి ఊరుకున్నా బాగుండేది. వెనకబడినవాళ్లని ఒక బెంచీ వేసి అక్కడికి మార్చారు. ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లలు పలక్కపోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. పిల్ల రోజూ పొద్దున కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

ఇంట్లోనేమో ఆ పిల్లే సాయంత్రం ప్రార్థనలో బైబిల్ వాక్యం చదివేది. నల్ల అట్ట గ్రంథం ఒళ్లో పెట్టుకుని, వేలితో వరస పట్టుకుని, తడబాటన్నది లేకుండా చదివేది. సండే స్కూల్లో కంఠస్థ వాక్యాల పోటీ పెడితే ప్రైజు దానికే. ఇంత చక్కగా చదివే పిల్లకి చదవడం రాదంటారా అని తల్లికి కడుపు మండింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, పిల్ల టీసీ కూడా తీసుకుని, ఇద్దరూ కలిసే ఆ గేటు దాటి వచ్చేశారు. భర్త ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. చదువులో పిల్ల ఎక్కడైనా వెనకబడిందని తెలిసిన రోజున మళ్లీ బడికి పంపాలి. తల్లి నవ్వి సరేనంది.

ఆమె ఇంటి బడి ఎలా ఉండేదో చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. నేను రిటైరై ఇంట్లో ఊరికే కూర్చున్నదాన్ని, ఏదో వంక పెట్టుకుని కిందికి దిగి గుమ్మంలో నిలబడేదాన్ని. సగం, పావు, అరపావు అన్నవి ఆ పిల్ల దోసె ముక్కలు చేసి నేర్చుకుంది. రైళ్లు ఎంత ఆలస్యంగా వచ్చాయో విని కూడికలు, తీసివేతలు చేసేది. మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్లి ఏ పండు ఏ కాలంలో, ఏ ఊరి నుంచి వస్తుందో దుకాణాల వాళ్లనే అడిగించేది తల్లి. వాళ్లు కూడా బేరం మానుకుని మరీ చెప్పేవాళ్లు. ఖైరతాబాద్ వినాయకుడిని చూడ్డానికి నాతో పంపించి, అంత ఎత్తు బొమ్మ పడిపోకుండా ఎలా నిలబడుతుందో కనుక్కుని రమ్మంది. వాళ్ల దేవుడు కాదు కదా అని నేనంటే, బరువుకి మతమేంటి ఆంటీ అని నవ్వింది. పిల్ల కడుపునొప్పి మాయమైంది. బుగ్గలు వచ్చాయి. నాకు అసలు ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేదు, ఆమెను మాత్రం మెచ్చుకున్నాను.

మెచ్చుకున్నాను కదా అని నోరు ఊరుకుంటుందా. ఒకరోజు మేడ మీద ఇద్దరం వడియాలు పెడుతున్నాం. నువ్వు చెప్తున్నది బాగానే ఉందమ్మా, కానీ ఏడాదికోసారి ఎవరో ఒకరు బయటివాళ్లు వచ్చి చూడాలి, సర్కారు మనిషైనా సరే, ఇంకెవరైనా సరే, అన్నాను. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవలు చూడాలె ఆంటీ? బడిల నా బిడ్డను ఏడాదంతా ఆ బెంచీ మీద కూసోబెట్టిన్రు. అప్పుడు ఎవలొచ్చి చూసిన్రు? ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన హెడ్‌మేడం రూంల చాయ్ తాగి పోయిండు. ఇప్పుడు పొద్దుగాల లేస్తే నా కండ్లు దాని మీదనే ఉంటయ్. నాకన్న ఎక్కువ చూసేటోళ్లు ఎవలున్నరు?"

ఊరుకోవడం నాకు చేతకాదు కాబట్టి మా బ్యాంకు కథ ఎత్తుకున్నాను. బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. ముఖ్యమైన సీటులో ఉన్న మనిషిని ఏడాదికోసారి వరసగా కొన్నాళ్లు సెలవు మీద పంపిస్తారు. అతను అడగకపోయినా, పని ఎంత ఉన్నా సరే. ఆ రోజుల్లో అతని సీటులో ఇంకొకరు కూర్చుంటారు. దొంగల్ని పట్టుకోవడానికే ఈ ఏర్పాటు అనుకుంటారు అందరూ. నా సర్వీసులో అలా దొరికిన దొంగలు తక్కువ. దొరికేవి మంచివాళ్ల పొరపాట్లు. మా దగ్గర ఒకాయన ఉండేవాడు, దేవుడిలాంటి మనిషి. పాత ఖాతాదార్లలో ఒక పెద్దాయనకి పక్షవాతం వచ్చి సంతకం పూర్తిగా మారిపోయింది. మా బ్యాంకాయన ఏనాడూ సంతకం వైపే చూడలేదు. ఎందుకు చూస్తాడు, ఆ మనిషి ముఖం ఇరవై ఏళ్లుగా తెలుసు కదా. ఇతను సెలవు మీద వెళ్లాక సీటులోకి వచ్చిన కొత్తమ్మాయికి ఆ ముఖం తెలియదు, సంతకం ఒక్కటే కనిపించింది, కార్డు మీదిదానితో కలవడం లేదని పట్టుకుంది.

"నా బిడ్డ మీ బ్యాంకు ఖాతా గాదు ఆంటీ," అని ఆమె వడియాల గిన్నె తీసుకుని కిందికి వెళ్లిపోయింది. సగం చీర ఖాళీగా ఉండిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మెట్ల మీద ఎదురైతే తల పంకించడమే గాని మాటల్లేవు. పిల్ల మాత్రం ఎప్పటిలాగే పైకొచ్చి, నన్ను బ్యాంకమ్మమ్మా అని పిలుస్తూ, మా ఫ్రిజ్ తెరిచి చూసి వెళ్లేది.

అలా ఉండగా మెదక్‌లో ఆమె తల్లి బావి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అన్నారు. ఆమె వెళ్లి తీరాలి. పిల్లని దవాఖానలో ఎక్కడ పెట్టుకుంటుంది, భర్తేమో షిఫ్టుల మీద ఉంటాడు. బ్యాగు సర్దుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని పైకొచ్చి నా గుమ్మంలో నిలబడింది.

"మీ మీద కోపమైతే ఉన్నది ఆంటీ. నమ్మకం పోలే. నేనొచ్చేదాంక జర నా బిడ్డను చూస్కోండ్రి."

అలా, ఎవరూ అనుకోకుండానే, ఆమె సెలవు మీద వెళ్లింది, ఆ సీటులో నేను కూర్చున్నాను. ఆ మాట అప్పుడు నాకు తట్టనే లేదు. పిల్ల దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

పగలంతా నా దగ్గర, నాన్న డ్యూటీ దిగి వస్తే కింద. నేను చదువు గిదువు అని పెట్టుకోలేదు. ఇద్దరం పల్లీలు వలిచాం, చీట్లపేక ఆడాం. ఆటలో అది నన్ను ఎంత అనాయాసంగా మోసం చేసేదో చూసి బ్యాంకులో అయితే నిన్ను ముందు సెలవు మీద పంపేవాళ్లమే అన్నాను. ఆదివారం పొద్దున వాళ్ల నాన్న చర్చికి తీసుకెళ్లి తెచ్చి నాకప్పగించి డ్యూటీకి వెళ్లాడు. మధ్యాహ్నం నేను దాన్ని ఆబిడ్స్‌కి తీసుకెళ్లాను. ఆదివారాలు అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ పుస్తకాల గుట్టలు దాటుకుంటూ, కూర్చుని, లేచి, నా మోకాళ్లు తిట్టుకుంటూ, చివరికి ఒక పిల్లల బొమ్మల పుస్తకం పట్టుకున్నాం. అట్ట మీద గొడుగు పట్టుకున్న ముసలాయన, పక్కన మేక. పిల్లకి మేక నచ్చింది. అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్‌కి నడిచి సీతాఫలం ఐస్‌క్రీమ్ తిని ఇంటికొచ్చాం.

నేను మంచం మీద నడుం వాల్చాను. నువ్వు చదువు, నేను వింటానన్నాను. అది నా కాళ్ల దగ్గర కూర్చుని, పుస్తకం తెరిచి, వేలు పెట్టి, చదివింది. ఎంత బాగుందో ఆ కథ. గొడుగులు బాగుచేసే ముసలాయన ఉన్నాడట. అందరి గొడుగులూ కుడతాడు గాని తన గొడుగుకి చిల్లే. వానలో మేక వచ్చి, నీ గొడుగు నాకు పట్టవా, నా వెంట్రుకలు తడిస్తే నాకు తుమ్ములొస్తయ్ అంటుంది. పట్టేది పడతా గాని చిల్లు నీ మీద పడితే నన్ను అనొద్దు అంటాడు ఆయన. నేను పగలబడి నవ్వాను. ఇంత మంచి పుస్తకాన్ని ఎవరు ఫుట్‌పాత్ పాలు చేశారో అనుకుంటూ నిద్రపోయాను.

సాయంత్రం అది బాల్కనీలో పావురాలతో మాట్లాడుకుంటుంటే, మేక మాటలు మళ్లీ చదువుకుందామని కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తెరిచాను. మేక మాటలు లేవు. చిల్లు లేదు. వానాకాలంలో నల్లని మబ్బులు వస్తాయి, రైతులు సంతోషిస్తారు, మనం గొడుగు తీసుకుని బయటికి వెళ్లాలి, ఇదీ పుస్తకంలో ఉన్నది. అలాంటి చప్పిడి వాక్యాలు పేజీకి రెండు. మొదట నేనే వేరే పుస్తకం పట్టుకున్నాననుకున్నాను. తిరగేసి అట్ట చూశాను. అదే ముసలాయన, అదే మేక.

పిల్లని పిలిచి మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే కథ చెప్పింది, ఒక్క మాట తేడా లేకుండా, మేక తుమ్ములతో సహా. 'ఆకాశం' అన్న మాట మీద వేలు పెట్టి ఇదేంటి తల్లీ అన్నాను. బొమ్మ వైపు చూసి, "మేక," అంది. మేక తుమ్ముల సంగతి ఎక్కడ రాసుందో చూపించమంటే నా వైపు వింతగా చూసింది. అబద్ధం చెప్పి దొరికిపోయిన పిల్ల చూపు కాదది. పెద్దదానివి, నీకీ మాత్రం తెలియదా అన్నట్టుంది.

"పుస్తకం చూస్కుంట చెప్పాలె గదా అమ్మమ్మా. అమ్మ ముందుగాల చెప్తది, నేను తర్వాత చెప్త. ఇది అమ్మ చెప్పలే. అందుకే నేనే చెప్పిన."

చదవడమంటే అదేనని దాని నమ్మకం. తల్లి ప్రతి పాఠాన్నీ ముందు తను చక్కటి గొంతుతో చదివి వినిపించేది, వాళ్లింట్లో తరతరాలుగా వాక్యం నేర్పే పద్ధతి అదే. పెద్దవాళ్లు చెప్తారు, పిల్లలు పట్టుకుని తిరిగి చెప్తారు. మామూలు పిల్లయితే రెండో వరసలో తప్పి దొరికిపోయేది. స్టేషన్ మైకుని మూడు భాషల్లో మింగేసిన పిల్లకి ఒక పేజీ ఎంత. ఒక్కసారి వింటే చాలు, వేలు వరస మీద సరైన వేగంతో కదిలేది కూడా. రాత కూడా అంతే, తల్లి రాసింది చూసి బొమ్మ గీసినట్టు దింపేసేది. మేమంతా మెట్ల మీద నిలబడి మురిసిపోయామే గాని, నాతో సహా ఒక్కరికీ అనుమానం రాలేదు.

తల్లి వచ్చేదాకా నాకు అదే ఆలోచన. నేను ఒక్క మాట చెప్తే భర్త షరతు అమల్లోకి వస్తుంది, పిల్ల మళ్లీ ఆ బెంచీ మీదికి వెళ్తుంది, కడుపునొప్పులు మళ్లీ మొదలు. చెప్పకపోతే పిల్లకి తొమ్మిదేళ్లు వస్తాయి, పదేళ్లు వస్తాయి, అక్షరం రాకుండానే అందరి మెప్పూ పొందుతూ పెరుగుతుంది. ఇంకోటి కూడా ఉంది. నేనన్నది నిజమైంది కదా అని నాలో ఒక మూల ఎక్కడో చిన్న సంతోషం కదిలింది. దాన్ని చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె మెదక్ నుంచి వచ్చిన సాయంత్రం, తన తల్లి లేచి నడుస్తోందని కృతజ్ఞత ప్రార్థన పెట్టుకుంటూ నన్ను కూడా రమ్మంది. భర్త డ్యూటీలో ఉన్నాడు. పిల్ల చాప పరుస్తోంది. నేను వంటింట్లోకి వెళ్లి, చాయ్ వడగడుతున్న ఆమెకి పుస్తకం సంగతి మొత్తం చెప్పాను. ఈసారి నా నోరు నెమ్మదిగానే పలికింది. ఆమె గ్లాసులు కడిగింది, తుడిచింది, చాయ్ పొయ్యలేదు. నన్ను తిడుతుందనుకున్నాను, అదేం లేదు. ముందుగదిలోకి వెళ్లి చాప మీద పిల్ల పక్కన కూర్చుంది.

ఆరోజు చదవవలసిన కీర్తన ఆమె ఎప్పటిలాగే ముందు తను చదివింది. తర్వాత గ్రంథం పిల్ల ఒళ్లో పెట్టింది. పిల్ల వేలు పెట్టి మొదలుపెట్టింది. రెండు వరసలు దాటాక తల్లి తన అరచేయి చాచి పేజీ మీద పరిచింది. వరసలన్నీ చేతి కింద మూసుకుపోయాయి. పిల్ల గొంతు ఆగలేదు. తల్లి చేతి వెనకనుంచి, తల్లి ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ, ఎక్కడ మెత్తబడిందో అక్కడ మెత్తబడుతూ, చివరిదాకా వచ్చింది. వేలు కూడా అమ్మ చేతి మీద కదులుతూనే ఉంది. చివర ఆమెన్ అంది. తల్లి కూడా ఆమెన్ అని పిల్ల తల మీద ముద్దుపెట్టి, చాలా మంచిగ చెప్పినవు బిడ్డా, పోయి ఆడుకో అంది.

పిల్ల బయటికి పరిగెత్తాక ఆమె ఆ చేతిని అలాగే పేజీ మీద ఉంచుకుని కూర్చుంది.

"ఇన్నొద్దులు నేను నా గొంతే విన్న ఆంటీ," అంది.

నేను పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఓదార్చడం నాకు చేతకాదు.

మర్నాడు పొద్దున భర్త ఇంటికి రాగానే, నన్ను కూడా కిందికి పిలిచి, ఆమే చెప్పింది. నేను చెప్పాల్సిన పని పెట్టలేదు. అతను బడికి పంపుదామన్నాడు, అన్నమాట ప్రకారం. మంచి మనిషే, కోపం లేదు, భయం ఉంది. ఆమె ఒక ఏడాది గడువు అడిగింది. ఊరికే అడగలేదు. ఈ ఏడాదంతా తన మాట నమ్మొద్దంది. బిడ్డకి ఎంత వచ్చిందో తను చెప్పదు, వేరేవాళ్లు చెప్తారు, తను ఎప్పుడూ చూడని పేజీ పెట్టి చూస్తారు, అప్పుడు నిర్ణయించమంది. ఎవరు చూస్తారని అతను అడిగితే ఆమె చెప్పిన పేరు విని నేను కూడా నోరు తెరిచాను. ఆ పాత బడి హెడ్‌మేడం.

తోడు రమ్మంటే వెళ్లాను. ఆబిడ్స్ ట్రాఫిక్‌లో ఆటో దిగి ఆ సందులోకి నడుస్తుంటే ఆమె పైట చెంగు పిడికిట్లో నలిగిపోతోంది. రాజీనామా విసిరి వచ్చిన గుమ్మం అది. నేనైతే చచ్చినా మళ్లీ ఎక్కను. హెడ్‌మేడం కుర్చీ చూపించింది, ఆమె కూర్చోలేదు.

"మీరు రాసింది నిజం మేడం. మీరు చేసింది తప్పు. రెండూ చెప్పనీకే వచ్చిన. నా బిడ్డకు చదువుడు వస్తలేదు. నేను నేర్పుకుంట. మూడు నెలలకొక్కసారి తీస్కొస్త, నాకు తెల్వని పేజీ మీరియ్యండ్రి. నేను బయట కూసుంట."

హెడ్‌మేడం బల్ల మీదున్న పెన్ను మూత తీసి క్యాలెండర్‌లో ఒక తేదీ రాసుకుంది. సరేనంది. ఆ బెంచీ ఇప్పుడు తీసేశాం అని కూడా అంది, మేం అడగకుండానే. నా సర్వీసులో ఎందరో పెద్ద పెద్ద ఆఫీసర్ల వెనక నిలబడ్డాను. ఇంత నిటారుగా నిలబడి తన తప్పు తను చెప్పుకున్న మనిషిని మాత్రం అక్కడే చూశాను. బయటికొచ్చాక ఆ మాట పిల్ల తల్లికి చెప్పాను కూడా. ముందుగాల ఆటో పిలవండ్రి ఆంటీ అంది.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆమె తప్పనిసరి సెలవు మీద వెళ్లేది. ఆ మాట తనే అంది, నవ్వుతూ. పబ్లిక్ గార్డెన్స్‌లో వేపచెట్టు కింద కూర్చుని వచ్చేది. ఆ పూట పిల్ల దగ్గర నేనుండేదాన్ని. నా గొంతుకి కూడా అలవాటు పడుతుందేమోనని కొన్ని శనివారాలు ఎదురు బిల్డింగ్‌లోని ఉర్దూ టీచరమ్మ వచ్చేది. ఆమెకి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. అందుకే పిల్లని నమ్మి, ఇదేంటి, అదేంటి అని నిజంగానే అడిగేది. మిగతా రోజుల్లో తల్లి నోరు కట్టేసుకుని నేర్పింది. ముందు తను చదివి వినిపించడం మానేసింది. అంత చక్కటి గొంతున్న మనిషికి అది ఎంత కష్టమో నేను చూశాను. పిల్ల ఒక గుణింతం దగ్గర పెనుగులాడుతుంటే ఆమె పెదవులు కదిలేవి, శబ్దం మాత్రం రానిచ్చేది కాదు. పిల్ల ఏడ్చిన రోజులున్నాయి. నాకు చదువు రాదు, ముందుగాల మంచిగనే వస్తుండె, అని పుస్తకం విసిరికొట్టిన రోజూ ఉంది.

ఇంట్లో చదువు చెప్పే తల్లిదండ్రుల్ని బయటివాళ్లు చూడాలా వద్దా అని ఇప్పుడెవరైనా అడిగితే, చూడాలనే అంటాను. కానీ ఆరోజు మేడ మీద అన్నంత ధీమాగా అనను. చట్టం ఏమంటుందో నాకు తెలియదు. నేను కోరుకున్న ఆ సర్కారు మనిషే ఒక సాయంత్రం వాళ్లింటికి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటాను. పిల్ల వాక్యం చదివి ఉండేది, ఆయన ముచ్చటపడి, చాయ్ తాగి, బాగుందని సంతకం పెట్టి వెళ్లిపోయేవాడు. బడివాళ్లు లోపం కనిపెట్టారు గాని పిల్లని ఆ బెంచీ మీద వదిలేశారు. కాబట్టి వచ్చి చూసే మనిషికి ఆ ఇల్లు కొత్తగా ఉండాలి, పిల్ల మీద మాత్రం దయ ఉండాలి. అలాంటివాళ్లని సర్కారు ఎక్కణ్నుంచి తెస్తుందో నేను చెప్పలేను. ఆమె మాత్రం వెతుక్కుని తెచ్చుకుంది, పైగా తన మీదికి తనే.

గడువు ముగిసేనాటికి నాలుగుసార్లు ఆబిడ్స్ వెళ్లొచ్చారు. మొదటిసారి పిల్ల ఒక్క వరస దాటలేదట. చివరిసారి ఏమైందో హెడ్‌మేడం నేరుగా భర్తకే ఫోన్ చేసి చెప్పింది, ఆమె కోరిందీ అదే. అతను ఏమన్నాడని నేను అడగలేదు. ఆ సాయంత్రం ప్రార్థనకి నన్ను పిలవడానికి అతనే పైకొచ్చాడు, చేతిలో మిఠాయి డబ్బాతో.

నలుగురం చాప మీద కూర్చున్నాం. ఈసారి ఆమె ముందు చదవలేదు. ఇంతకుముందు ఆ ఇంట్లో ఎప్పుడూ వినిపించని ఒక అధ్యాయం తీసి గ్రంథం పిల్ల ఒళ్లో పెట్టింది. పిల్ల వేలు పెట్టి మొదలుపెట్టింది. రెండు వరసలయ్యాక, ఎందుకో, ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి పేజీ మీద పరుచుకుంది. ఏడాదిగా తనని నిద్రపోనివ్వని ఆ సాయంత్రం ఆమెకి గుర్తొచ్చి ఉంటుంది.

పిల్ల ఆగిపోయింది. స్టేషన్ నుంచి మైకు ఏదో చెప్తోంది, పిల్ల అటు చెవి కూడా పెట్టలేదు. తలెత్తి చిరాగ్గా తల్లి వైపు చూసింది.

"అమ్మా, చెయ్యి తియ్. కనిపిస్తలేదు."

ఆమె వెంటనే తియ్యలేకపోయింది. భర్త ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని పక్కకి జరిపాడు. పిల్ల వేలు పెట్టుకుని వెనక్కి వచ్చి, ఒక వత్తు దగ్గర తప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఊపిరి పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. అంత తడబడుతూ ఆ ఇంట్లో వాక్యం ఎవరూ చదివి ఉండరు. ఆమె ఏడుస్తూ వింటోంది. నేనూ ఏడ్చాను.